హాస్టల్ టైమ్‌టేబుల్లో దేవుడికి పీరియడ్ లేదు

కడపలో గానీ, అనంతపురంలో గానీ, కర్నూల్లో గానీ, ఇంటర్ దాటిన పిల్లలున్న ఇళ్లలో ఒక ఫిర్యాదు మామూలైపోయింది. "చిన్నప్పుడు ఎంత భక్తి వీనికి, ఇప్పుడు దండం పెట్టమన్నా పెట్టడు" అని ఒక తల్లి అంటుంది. "ఆదివారం పది దాకా దుప్పటి తీయడు, చర్చి మాటెత్తితే ఫోను పట్టుకుంటాడు" అని పక్కింటి తల్లి. "జుమ్మాకు కూడా పోవడం లేదు, అడిగితే మొహం తిప్పుకుంటాడు" అని ఇంకో ఇంట్లో తండ్రి. ఇంటింటికీ మతం మారుతుంది గానీ మాట మారదు, ఆ తర్వాత చెప్పే కారణాలు కూడా మారవు: ఫోను చెడగొట్టింది, కాలేజీ చెడగొట్టింది, బెంగళూరు చెడగొట్టింది.

ఇందులో కొంత నిజం లేకపోలేదు. యూట్యూబ్‌లో నాస్తికుల వీడియోలు చూసి, పుస్తకాలు చదివి, రూమ్మేట్లతో తెల్లవార్లూ వాదించి దేవుడు లేడని తేల్చుకున్న పిల్లలు ఉన్నారు. కానీ వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతా వాళ్లెవరూ ఫలానా రోజు నుంచి దేవుణ్ణి వదిలేద్దామని కూర్చుని తీర్మానం చేసుకోలేదు. ఒక అలవాటు తెగింది, మళ్లీ అతకలేదు, అంతే. ఎందుకు తెగిందో చెప్పడం తేలిక. ఎందుకు అతకలేదో చెప్పాలంటే మాత్రం కాలేజీని వదిలేసి ఇంటినీ, గుడినీ, చర్చినీ, మసీదునూ కాస్త దగ్గరగా చూడాలి.

పదో తరగతి దాకా పిల్లల భక్తిలో ఏముంటుంది? ముప్పాతిక భాగం మనుషులు, వేళలు, తిండి. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి ట్రాక్టర్లో పోవడం. ఉగాది పొద్దున దేవుని కడప గుడిలో క్యూలో నిలబడటం, అదే క్యూలో వెంకటేశ్వరస్వామిని చేసుకున్న బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ అని చెప్పుకునే ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు పట్టుకుని ఉండటం. మే నెల ఎండల్లో చర్చి పెట్టే వేసవి బైబిలు బడి వీబీఎస్‌కు పోయి యాక్షన్ సాంగులకు చేతులూపడం, చివరి రోజు వాక్యం అప్పజెప్పి స్టీలు గిన్నె గెలుచుకోవడం. మొహర్రంలో గూగూడు కుళ్లాయిస్వామి పీర్లు లేచినప్పుడు నాన్న భుజం మీద కూర్చుని నిప్పుల గుండం చూడటం. ఇంత సంతోషంలో నువ్వు నమ్ముతున్నావా అని పిల్లవాణ్ణి ఎవరూ అడగరు, అడగాల్సిన అవసరం కూడా రాదు. రేషన్ కార్డులో పేరున్నట్టు ఇంటి నమ్మకంలో వాని పేరు కూడా ఉంటుంది, అంతవరకే. కార్డు ఇంటిపెద్దది.

అందుకే ఇల్లు వదిలితే ఏమవుతుందన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష సీమలో చాలామందికి పదహారేళ్లకే వస్తుంది.

పదో తరగతి రిజల్ట్ వచ్చీ రాకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో గడప ముందు చెప్పులు విడుస్తాడు. జూన్ కల్లా పిల్లవాడు ట్రంకు పెట్టె, బకెట్టు, మగ్గుతో హాస్టల్లో ఉంటాడు. పొద్దున ఐదు, ఐదున్నరకు లేపుతారు. స్నానానికి క్యూ, స్టడీ అవర్, టిఫిన్, క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్, పడుకునేసరికి పది దాటుతుంది. ఆదివారం పేరుకే సెలవు, ఆ రోజు వీకెండ్ టెస్టు. ఒక వారం జేఈఈ మోడల్, ఇంకో వారం ఈఏపీసెట్ మోడల్, సాయంత్రానికి కీ, మర్నాడు నోటీసు బోర్డు మీద ర్యాంకులు. శుక్రవారం జుమ్మా వేళకు కెమిస్ట్రీ క్లాసు నడుస్తుంటుంది. రంజాన్‌లో తెల్లవారకముందు తినే సహరీకి మెస్సు తెరిచే కాలేజీలు కొన్ని ఉన్నాయి. లేనిచోట రాత్రే దాచుకున్న బ్రెడ్డు, రెండు అరటిపండ్లు తిని రోజా ఉంటారు, నాలుగు రోజులు ఉంటారు, క్లాసులో కళ్లు తిరిగితే వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తాడు, ఇంట్లో వాళ్లే వద్దంటారు.

ఇంట్లో వాళ్లే, అన్నది ఇక్కడ ముఖ్యం. కాలేజీని తిట్టేవాళ్లు దీన్ని చూడరు. అయ్యప్ప మాల వేసుకుంటానని పిల్లవాడు అడిగితే "41 రోజులు చన్నీళ్ల స్నానాలు, వేరే వంట, నల్లబట్టలకు కాలేజీ ఒప్పుకోదు, ఇంటర్ అయినాంక వేసుకుందువులే" అనేది నాన్నే. గుడ్ ఫ్రైడే నాడు టెస్టు పడితే "రాయి, దేవునికి తెలుసులే" అనేది అమ్మే. అనంతపురం ఇంట్లో జేజి (నాయనమ్మ) నోట వచ్చే మాట ఇంకా సూటిగా ఉంటుంది: "దేవుడు యాడికీ పోడు నాయనా, ర్యాంకు పోతే మళ్ల రాదు." ఆ మాటలో ప్రేమే ఉంది, కాదనలేం. కానీ పదహారేళ్ల పిల్లవాడికి దాంట్లో వినపడేది వేరు. మార్కులా దేవుడా అన్నప్పుడు మార్కులే అని ఇల్లంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది. పదేళ్లు సండే స్కూల్లో, గుడి మెట్ల మీద నేర్చుకున్నదానికంటే ఈ పాఠం బాగా ఎక్కుతుంది, ఎందుకంటే దీన్ని ఎవరూ పాఠంలా చెప్పలేదు. ఆ తర్వాత ఉద్యోగం వచ్చినాక, ప్రమోషన్ టైములో, బిడ్డకు స్కూలు సీటు కోసం తిరిగేటప్పుడు వాడు అదే లెక్క వేస్తే మళ్లీ వాణ్ణే తప్పు పడతారు.

ఆదివారం సాయంత్రం హాస్టల్ వరండాలో ఫోన్ క్యూ ఉంటుంది. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, వెనక ఇరవై మంది, పక్కన స్టూలు మీద వార్డెన్. అమ్మ అడిగేవి నాలుగే ప్రశ్నలు: తిన్నావా, జ్వరం తగ్గిందా, మార్కులెన్ని, ప్రార్థన చేసుకుంటున్నావా. నాలుగోదానికి "ఆ, చేసుకుంటున్నా మా" అని చెప్పేస్తాడు. మార్కుల గురించి అబద్ధం చెబితే కాలేజీ పంపే మెసేజ్‌లో దొరికిపోతాడు, ప్రార్థన గురించి చెప్పే అబద్ధాన్ని పట్టుకోవడానికి మెసేజ్ ఏదీ రాదు. మొదటి రెండు నెలలు ఆ జవాబు చెప్పేటప్పుడు లోపల ఏదో గుచ్చుకుంటుంది. తర్వాత గుచ్చుకోదు. నమ్మకం పోయిన రోజు ఏదని అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, గుచ్చుకోవడం ఆగిన నెల ఏదో కొందరు చెప్పగలరు.

మరి అవతలి వైపు, అంటే గుడీ చర్చీ మసీదూ ఏం చేస్తున్నాయి? సండే స్కూల్ టీచరుకు పిల్లలందరి పేర్లూ, వాళ్ల అమ్మల పేర్లూ తెలుసు. కానీ పదో తరగతి దాటి ఊరు వదిలిన పిల్లలు ఎక్కడున్నారు, ఏ హాస్టల్, ఫోన్ నెంబరేంది, ఆ లిస్టు ఏ సంఘంలోనూ కనపడదు. సీఎస్ఐ చర్చిలో కన్ఫర్మేషన్ అయి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటే ఇక నేర్పాల్సింది అయిపోయినట్టే లెక్క, సరిగ్గా నేర్చుకోవాల్సిన వయసు అప్పుడు మొదలవుతుంది. మసీదు బడి మక్తబ్‌లో ఖురాన్ ఒకసారి ఖతం చేస్తే ఇంట్లో మిఠాయి పంచుతారు; అరబ్బీ అక్షరాలు వచ్చాయి, అర్థం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఆ తర్వాత అనేది రాదు. హిందువుల ఇళ్లలోనైతే ఆ మాత్రం కూడా లేదు. గుడిలో హారతి కళ్లకద్దుకోవడం, ప్రదక్షిణలు లెక్కపెట్టుకోవడం వస్తుంది, ఎందుకో చెప్పే చోటు మాత్రం ఊళ్లో ఎక్కడా ఉండదు. పూజారికి టైముండదు, ఉన్నా అడిగే చనువుండదు.

అమెరికాలో ప్రొటెస్టెంట్ చర్చిల గురించి ఇదే విషయం మీద లెక్కలున్నాయి. లైఫ్‌వే రీసెర్చ్ అనే సంస్థ 2007లో చేసిన సర్వేలో, టీనేజీలో చర్చికి క్రమంగా పోయినవాళ్లలో 70 శాతం మంది 18 నుంచి 22 ఏళ్ల మధ్య కనీసం ఏడాది పాటు మానేశారు. 2017లో మళ్లీ అడిగితే 66 శాతం. కారణాల్లో ముందు వరుసలో ఉన్నది డార్విన్ కాదు, కాలేజీ కోసం ఊరు మారడం. 34 శాతం మంది అదే చెప్పారు. 2007లోనే టెక్సస్ యూనివర్సిటీ సామాజిక శాస్త్రవేత్తల అధ్యయనం ఒకటి ఇంకో తమాషా సంగతి బయటపెట్టింది: కాలేజీకి పోయినవాళ్ల కంటే అసలు కాలేజీ గడప తొక్కనివాళ్లే చర్చికి పోవడం ఎక్కువగా తగ్గించారు. చదువే నాస్తికులను తయారుచేస్తుందన్న మాటకు అక్కడే గండి పడింది.

సీమలో ఈ రెండో లెక్క అట్లే అతకదు. పదితో ఆపేసి బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి పోయేవాడో, ఊళ్లో ఆటో తోలేవాడో సాయంత్రానికి ఇంటికి వస్తాడు. వినాయక చవితి చందా పుస్తకం వాని చేతిలోనే ఉంటుంది, తేరు లాగేటప్పుడు తాడు దగ్గర ముందు వాడే ఉంటాడు, పీర్ల పండక్కి డప్పు వాడే కొడతాడు. వాడు మానేయడు, మానేస్తే సాయంత్రం కూర్చోవడానికి మనుషులుండరు. కానీ అదే పిల్లవాడు పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకో, దాని చుట్టూ ఉన్న విడిభాగాల కంపెనీకో చేరి నలుగురితో రూము తీసుకుని షిఫ్టులు చేస్తే, ఆర్నెల్లకు వాని సంగతీ హాస్టల్ పిల్లవాని సంగతీ ఒకటే అవుతుంది. వాడు కొత్త పుస్తకం ఒక్కటీ చదివి ఉండడు. ఒకని నమ్మకం నిలుస్తుందా లేదా అన్నది వాని చదువును బట్టి కాకుండా, ఆదివారమో శుక్రవారమో శనివారమో వాడు రాలేదని గమనించే మనిషి దగ్గర్లో ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది అలవాటు తెగడం గురించి. తెగినా కొందరికి మళ్లీ అతుకుతుంది. అతకని వాళ్లను కదిలిస్తే కథ ఇంకా వెనక్కి, ఎనిమిది, తొమ్మిది తరగతుల దాకా పోతుంది. పిల్లలు నిజంగా ప్రశ్నలు అడిగేది ఆ వయసులోనే. యేసుప్రభువు తెలియకుండా చచ్చిపోయిన మా ముత్తాత నరకానికి పోయినాడా? సుంకులమ్మకు పొట్టేలు కోస్తాం కదా, వెంకటరమణస్వామికి ఎందుకు కోయం? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని అనంతపురంలో కప్పల పెళ్లిళ్లు చేశారు, వరుణ యాగాలు చేశారు, వాన కోసం మైదానంలో నమాజు చేశారు, ఉపవాస ప్రార్థనలు పెట్టారు, మరి వేరుశనగ ఎందుకు ఎండిపోతోంది? ఇవి ఎగతాళికి అడిగే ప్రశ్నలు కావు, నమ్మేవాడే అడుగుతాడు, నమ్మనివాడికి వీటితో పనేంది? వీటికి ఇంట్లో దొరికే జవాబు: "నోరు మూసుకో, కండ్లు పోతాయి." వాడు నోరు మూసుకుంటాడు. కళ్లు పోవు. అది కూడా వానికి గుర్తుంటుంది.

విచిత్రం ఏమిటంటే ఇది ప్రశ్నలు పుట్టిన నేల. చిత్తశుద్ధి లేని శివపూజ ఎందుకని నిలదీసిన వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. ఆయన పద్యాలను ఏరి 1829లో అచ్చువేయించిన బ్రౌన్ కడపలో ఉద్యోగం చేసినవాడే, ఇవాళ కడప యూనివర్సిటీకి కూడా వేమన పేరే. కులాలనూ మతాలనూ పక్కనపెట్టి దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేసుకున్న వీరబ్రహ్మం కందిమల్లాయపల్లెలో ఉన్నాడు. వేమన పద్యాన్ని తెలుగు పరీక్షలో ప్రతిపదార్థంతో సహా రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు, అదే మాట పూజగదిలో అడిగితే చెంప పగులుతుంది. ప్రశ్న అడిగిన వాళ్లకు గుడి కట్టి ఆరాధన చేయడం వరకే మనకు చేతనైంది.

ఇంకో సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. తాతల నమ్మకానికి ఒక కారణం ఉండేది, ఆ కారణం మనవల దాకా రాలేదు. పుట్టపర్తి సత్యసాయిబాబా మహిమల మీద బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ నరసింహయ్య 1976లో కమిటీ వేశాడు, బాబా దానికి ఒప్పుకోలేదు, ఆ వాదన పేపర్లలో చాలాకాలం నడిచింది. అనంతపురం పల్లెల్లో ముసలివాళ్లకు ఆ వాదనతో పని లేదు. "నీళ్లు ఇచ్చినాడప్పా" అంటారు, అంతటితో సరి. 1990లలో బాబా ట్రస్టు వేసిన పైపులైన్లతో వందల ఊళ్లకు తాగునీళ్లు వచ్చాయి. అంతకుముందు ఫ్లోరైడ్ నీళ్లకో, మైళ్ల దూరంలో బావికో బిందె పట్టుకుని పోయిన ఆడమనిషికి అది చేతికందిన సాక్ష్యం. ఆమె మనవరాలు పుట్టేసరికి ఇంటి ముందు కొళాయి ఉంది. మనవరాలికి మిగిలింది గోడ మీది బాబా ఫోటో. చర్చి విషయంలోనూ ఇదే వరస. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టిన కాలం నుంచి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి దాకా, దళితుల పేటల్లో జనానికి క్రైస్తవం అంటే చేతికొచ్చిన పలక, రోగమొస్తే ముట్టుకుని చూసే డాక్టరు, బెంచీ మీద అందరితో సమానంగా కూర్చోనివ్వడం. మునిమనవడికి పలక గవర్నమెంటు ఇస్తుంది, వైద్యం గవర్నమెంటు పథకంలోనే దొరుకుతుంది. వానికి చర్చి అంటే రెండున్నర గంటల ఆరాధన, చెవులు పగిలే సౌండ్ బాక్సులు. ముత్తాతకు ఏం దొరికిందో వానికి ఎవరూ కథగా కూడా చెప్పి ఉండరు.

ఇక కాగితాల సంగతి. ఇది దళిత క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు మాత్రమే తెలిసే బాధ, బయటివాళ్లకు అంత తొందరగా అర్థం కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్సీలకు 15 శాతం. తేడా ఏందో ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కూర్చున్న ఏ పిల్లవానికైనా వివరించాల్సిన పని లేదు.

కాబట్టి టీసీలో, కుల ధ్రువీకరణ పత్రంలో హిందూ-మాల, హిందూ-మాదిగ అని ఉంటుంది. చిన్నప్పుడు ఆ కాగితం నాన్న బీరువాలో ఉంటుంది, పిల్లవాడు చూసి ఉండడు. పదో తరగతి తర్వాతే దాన్ని చేత్తో పట్టుకుని తిరగాల్సి వస్తుంది: కాలేజీ అడ్మిషన్‌కు, హాస్టల్‌కు, స్కాలర్‌షిప్‌కు. సచివాలయంలో అప్లికేషన్ ఇస్తే ఎంక్వైరీకి వీఆర్వో ఇంటికి వస్తాడు. ఆ పొద్దు గోడ మీద "యెహోవా నా కాపరి" క్యాలెండర్‌ను అమ్మ తీసి మంచం కింద పెడుతుంది. మొన్న ఆదివారం వరకూ మనుషుల ముందు నన్ను ఒప్పుకునేవాడిని నేను తండ్రి ముందు ఒప్పుకుంటానన్న వాక్యం కంఠస్థం చేసిన పిల్లవాడు అదంతా చూస్తూ నిలబడతాడు. "కాగితం మీద ఏముంటే ఏమి, గుండెల్లో ప్రభువుంటే చాలు" అని నాన్న చెబుతాడు. నాన్నది తప్పని ఎవరూ అనలేరు, ఆ కాగితం లేకపోతే సీటు లేదు, ఫీజు లేదు, కులం మాత్రం చర్చికి పోయినంత మాత్రాన పోలేదు. కొన్ని ఊళ్లలో మాలపేట చర్చి వేరు, మాదిగపేట చర్చి వేరు, సమాధుల తోటలు కూడా వేరు. చట్టమే ఆ కుటుంబాన్ని ఆ మూలకు నెట్టింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పినాక ఆ భయం ఇంకా పెరిగింది. కానీ పదిహేడేళ్ల పిల్లవానికి చట్టం కనపడదు, మంచం కింది క్యాలెండర్ కనపడుతుంది. వాళ్లలో కొందరు కాగితం మీది మతాన్నీ, చర్చి మతాన్నీ రెండింటినీ మనసులోంచి వదిలేస్తారు. కొందరు యూనివర్సిటీకి పోయి అంబేద్కర్‌ను చదువుకుని జై భీమ్ అంటారు. కాగితానికీ మనసుకీ గొడవ లేని దారి అక్కడ దొరుకుతుంది, ఎందుకంటే బౌద్ధం తీసుకున్నా ఎస్సీ పోదు.

ఆడపిల్లలు వదిలేసే తీరు వేరు. మగపిల్లవాడు గుడికి రాకపోతే బద్ధకం అంటారు, ఆడపిల్ల రాకపోతే పొగరు అంటారు, ఆ పైన పెండ్లి ఎట్లయితుందని బెంగ. ఇంట్లో నెలకు ఐదు రోజులు పూజగది వైపు పోకూడదు, ఊరగాయ జాడీ ముట్టకూడదు, కొన్ని ఇళ్లలో చాప వేరు, గ్లాసు వేరు. మడకశిర వైపు గొల్లల పల్లెలైన గొల్లహట్టుల్లోనైతే ముట్టయిన వాళ్లను ఊరి బయటే ఉంచే ఆచారం మొన్నమొన్నటి దాకా వార్తల్లోకి వచ్చింది. హాస్టల్లో ఆ ఐదు రోజుల లెక్క ఎవరూ అడగరు. ఒకనాడు ఫ్రెండ్స్‌తో పాటు గుడికి పోతుంది, ఏమీ కాదు. ఆ ఏమీ కాకపోవడం చాలా పెద్ద సంగతి, దాని పక్కన మిగతా నియమాలన్నీ ఒక్కొక్కటే సందేహంలో పడతాయి. శబరిమల మీద 2018 సెప్టెంబర్ 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో టీవీ ముందు నాన్నలు అరిచారు, కూతుళ్లు మాట్లాడలేదు. అప్పుడు మాట్లాడని వాళ్లు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పండక్కి ఇంటికొస్తే అమ్మ చెప్పినట్టే దీపం పెడతారు, బెంగళూరు రూములో మాత్రం దేవుని పటం ఉండదు.

అయితే ఇల్లు దాటిన వాళ్లంతా ఒకే వైపు పోవడం లేదు. ఇంటి నమ్మకాన్ని వదిలేసి ఇంకా గట్టి నమ్మకంలోకి పోయేవాళ్లు కూడా తక్కువేం లేరు. జేజబ్బ కాలం నుంచి పీర్లు ఎత్తిన ఇంటి పిల్లవాడు బెంగళూరులో జమాత్ స్నేహితులతో కలిసి తిరిగి, పీర్లూ దర్గా గంధాలూ ఇస్లాం కాదని తెలుసుకుని వచ్చి, మొహర్రం నాడు తలుపేసుకుని కూర్చుంటాడు. ఆ పండగలో సగం మంది హిందువులని, మస్తాన్, దస్తగిరి, ఫకీరప్ప అని వాళ్లు పేర్లు పెట్టుకునేది ఆ పీర్ల మీదేనని వానికి తెలుసు, తెలిసినా రాడు. సీఎస్ఐ ఇంటి అమ్మాయి హాస్టల్ ప్రార్థన బృందంలో చేరి మళ్లీ నీళ్లలో బాప్తిస్మం తీసుకుని, చిన్నప్పుడు అయ్యగారు చిలకరించిన నీళ్లు చెల్లవంటుంది. ఎల్లమ్మకు కోడి కోసే ఇంటి పిల్లవాడు అనంతపురం ఇస్కాన్ గుడిలో ఉల్లి, వెల్లుల్లి మానేసి వచ్చి జాతరలో కూర ముట్టడు. 2022లో కర్ణాటక హైకోర్టు హిజాబ్ తీర్పు తర్వాత, అంతకుముందు వేసుకోని అమ్మాయిలు కొందరు పట్టుబట్టి వేసుకోవడం మొదలుపెట్టారు. వీళ్లను చూసి పెద్దలు సంతోషపడతారు, బుద్ధిమంతులైనారని. ఒక లెక్కన వీళ్లు కూడా ఇంటి దేవుణ్ణి వదిలేసినవాళ్లే. తేడా ఒక్కటే, వాళ్ల ప్రశ్నకు ఎవరో ఒకరు కూర్చుని జవాబు చెప్పారు. ఆ జవాబు మంచిదా కాదా అన్నది వేరే చర్చ, అడిగినవాడికి ముందు జవాబు చెప్పే మనిషి కావాలి.

పెద్దల కపటం గురించి చాలామంది మొదట చెబుతారు: టికెట్ కొన్నవానికి దేవుడు దగ్గర, కొననివానికి దూరం, చర్చిలో దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) మీద నెలకో ప్రసంగం, కమిటీ లెక్కలు మాత్రం ఎవరూ చూపరు, వక్ఫ్ షాపుల అద్దెల మీద మసీదు పెద్దల కొట్లాట. ఇవన్నీ నిజమే. కానీ ఇవి ఎక్కువగా పోయినాక చెప్పుకునే కారణాలు. ఇదే కపటాన్ని చూస్తూ ఊళ్లోనే ఉన్నవాళ్లు మానేయలేదు కదా.

వదిలేసినవాళ్లు కూడా ఇంట్లో చెప్పరు. అందుకే ఏ సర్వేలోనూ వీళ్లు దొరకరు. అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019 చివర, 2020 మొదట్లో దేశమంతా దాదాపు 30 వేల మందిని అడిగి 2021లో బయటపెట్టిన రిపోర్టు ప్రకారం 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతున్నారు, 98 శాతం మంది పుట్టి పెరిగిన మతంలోనే ఉన్నామంటున్నారు. మతం జీవితంలో చాలా ముఖ్యమా అని అడిగినప్పుడు మాత్రం దక్షిణాదిలో అవునన్నది 69 శాతమే. ఈ రెండు రకాల అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే మన పిల్లలు ఉన్నారు. మతం ఏదని అడిగితే చెబుతారు, దాంతో నీకేం పని అని అడిగితే తల గోక్కుంటారు.

పండగకు మాత్రం వస్తారు. విజయదశమి రాత్రి దేవరగట్టులో మాళమల్లేశ్వరస్వామి విగ్రహాల కోసం కర్రలతో కొట్టుకునే బన్ని ఉత్సవానికి హైదరాబాద్ నుంచీ, బెంగళూరు నుంచీ సెలవు పెట్టుకుని వచ్చే పిల్లలున్నారు. ఏటా తలలు పగులుతాయి, పోలీసులు వద్దంటారు. స్వామి మీద నమ్మకమా అంటే నవ్వుతారు. మా ఊరోళ్లు దిగినప్పుడు నేను గట్టు మీద నిలబడి చూడాల్నా అంటారు. దేవుడు పోయినా ఊరు పోలేదు. దీన్ని భక్తి అనుకుని తల్లిదండ్రులు స్థిమితపడతారు, పిల్లలు వాళ్లను అట్లే అనుకోనిస్తారు.

పెళ్లి దగ్గరే ఈ సర్దుబాటు బయటపడుతుంది. చర్చిలో పెళ్లి కావాలంటే మామూలుగా ఇద్దరికీ బాప్తిస్మం ఉండాలి, నిఖా కావాలంటే కల్మా రావాలి, పంతులు వచ్చి గోత్రం అడుగుతాడు. ఏ మతమూ వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, కానీ దానికి రిజిస్ట్రార్ ఆఫీసులో 30 రోజుల ముందు నోటీసు అంటిస్తారు, కర్నూల్లాంటి ఊళ్లో ఆ నోటీసు చూసి మేనమామకు ఫోన్ చేసేవాడు మొదటి వారంలోనే దొరుకుతాడు. వేరే మతం వాళ్లను ప్రేమించిన వాళ్లకు తప్ప ఆ తంటా పడే ఓపిక ఎవరికి ఉంటుంది? మిగతావాళ్లు అమ్మానాన్న చెప్పిన చోట తల వంచుతారు, బిడ్డ పుట్టినాక పుట్టు వెంట్రుకలు ఏ గుడిలో తీయించాలో, అఖీఖా ఎప్పుడో, ప్రతిష్ఠ ఏ చర్చిలోనో అడుగుతారు. అమెరికా సర్వేల్లోనూ వదిలేసినవాళ్లలో సుమారు మూడో వంతు ముప్పై ఏళ్లలోపు మళ్లీ క్రమంగా చర్చికి వస్తున్నారు. ఇక్కడ వచ్చేవాళ్లు ఇంకా ఎక్కువే అయి ఉండాలి, కాకపోతే వాళ్లలో ఎంతమంది నమ్మి వస్తున్నారో, ఎంతమంది బిడ్డకు జేజి, అవ్వ, తాత కావాలని వస్తున్నారో వేరుచేసి చెప్పడం కష్టం.

2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్లు దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా, అంటే 0.24 శాతం. 2027 ఫిబ్రవరిలో మళ్లీ లెక్కలు తీస్తారు, ఈసారి కులం కూడా అడుగుతారు. గడప దగ్గర ఎన్యూమరేటర్‌కు జవాబు చెప్పేది మామూలుగా ఇంటిపెద్దే. బెంగళూరు పీజీలో ఉన్న కొడుకు గుడి మొహం చూసి నాలుగేళ్లయిందని ఆయన చెప్పడు, ఆయనకు తెలియదు కూడా. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోయే ఆమె ఇంట్లోనూ ఎస్సీ కాలమ్ కోసం హిందూ అనే రాయిస్తారు. ఆ అంకెలు బయటికి వచ్చినాక సీమ పిల్లల్లో భక్తి ఎక్కడా తగ్గలేదని టీవీల్లో చర్చలు పెడతారు. ఆ జవాబులు చెప్పింది మాత్రం నాన్నలు.